మూడో రీజియన్ ప్రేక్షకురాలు

మల్లెగరువులో వంటింటి రీజియన్‌కు చెందిన మనిషి హాల్లోకి వచ్చి టీవీ వంక చూస్తే సినిమా ఆగిపోయి తెర నీలంగా మారుతుంది, ఆ నీలం మీద తెల్లటి అక్షరాలతో "ఈ ప్రేక్షకురాలు ఈ రీజియన్‌లో చెల్లదు" అని పడుతుంది. ఆ మనిషి వెనక్కి తిరిగి గడప దాటగానే ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలవుతుంది. ఊళ్ళో ఎవరికీ ఇందులో వింత కనబడదు. ప్రతి ఇంటినీ ఎప్పుడో కొలిచి హద్దులు వేశారు. హాలు ఒకటో రీజియన్, పడగ్గది రెండు, వంటిల్లు మూడు, పెరడు నాలుగు. మగపిల్లాడు పుట్టుకతోనే ఒకటో రీజియన్. ఆడపిల్ల పెళ్ళయ్యేదాకా ఒకటో రీజియన్‌లో తాత్కాలికంగా ఉంటుంది, మూడు ముళ్ళు పడగానే అత్తవారింటి మూడో రీజియన్‌కు బదిలీ అవుతుంది. ఈ బదిలీకి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు, ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. సర్కారు వారు సక్రమంగా చేసే పని ఏదన్నా ఉందంటే అదొక్కటే.

న్యాయం చెప్పుకోవాలంటే అటు వైపు వాళ్ళకీ నిబంధన ఉంది. ఒకటో రీజియన్ మనిషి వంటింట్లోకి వచ్చి స్టవ్వు తిప్పితే వెలగదు. దీని మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు.

శబ్దానికి మాత్రం రీజియన్ లేదు. కాబట్టి జోగారావు భార్య హైమావతి పెళ్ళయిన నాటి నుంచీ సినిమాలన్నీ వినే చూసింది. జోగారావు మార్కెట్ కమిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయనకు సినిమా అంటే ప్రాణం. హాలు నాలుగు మూలలా స్పీకర్లు బిగించి, సోఫా పక్కన బియ్యం డబ్బా అంత సబ్ ఊఫర్ పెట్టాడు. వాన పాట వస్తే పక్కింటావిడ దండెం మీద బట్టలు తీసుకునేది. ఆ ధ్వనంతా వంటింట్లోకి వచ్చి పడుతుంటే, హైమావతి కూర తరుగుతూ బొమ్మ మొత్తం తనే కల్పించుకునేది. హీరో నవ్వుని బట్టి మీసం, హీరోయిన్ నడకని బట్టి చీర రంగు. అన్నీ సర్దుకుపోయాయి, ఒక్క సినిమా దగ్గర తప్ప.

అదో పాత రంగుల సినిమా. దాన్ని కొత్తగా కడిగి, తుడిచి, హై డెఫినిషన్ డిస్కుగా తెచ్చారు. కథ ఒక పెద్ద ఇంటి పెద్దకోడలిది. ఇంటెడు చాకిరీ చేసి, మాటలు పడి పడి, చివరికి ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. ఆఖరి ఘట్టంలో ఒక్క మాట ఉండదు. పట్టీల చప్పుడు వస్తుంది. గడియ తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంటుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ తలుపు పడిన చప్పుడు, ఆ తర్వాత వీణ, శుభం. ఆ పిల్ల ఇల్లు విడిచి వెళ్ళిపోయిందా, లేక ఉండిపోయిందా?

హైమావతిని పట్టుకున్న పురుగు అదే. చేతిలో గరిటె పట్టుకుని ఆ తలుపు చప్పుడు దగ్గర అలాగే నిలబడిపోయేది.

"ఏవండీ, చివర్లో ఆ పిల్ల ఎటెళ్ళింది?" అని భర్తని అడిగేది.

"తలుపు దగ్గరికెళ్ళింది కదే."

"తలుపు దగ్గరికి నాకూ వినబడిందండీ. తర్వాత?"

జోగారావు నసిగేవాడు. విషయమేమిటంటే ఆయన ఆదివారం పొద్దెక్కాక సినిమా పెట్టుకుంటాడు. సగంలో భోజనం. హైమావతి చేసిన గుత్తొంకాయ కూర తిన్న మగవాడెవడూ ఆఖరి ఘట్టం దాకా మేలుకొని ఉండలేడు. ఇక ఆయన తల్లి మాణిక్యాంబ. ఆవిడా ఒకప్పుడు మూడో రీజియనే. కొడుకు పెళ్ళి రోజున కోడలు గడపలో కాలు పెట్టిన క్షణాన ఒకటో రీజియన్‌కు ప్రమోషన్ వచ్చింది. ఆవిడ మేలుకునే ఉంటుంది గానీ, చివరి పాట మొదలవగానే కొంగు కళ్ళకద్దుకుని ఏడుస్తుంది, శుభం పడ్డాకే కొంగు తీస్తుంది. "ఏడుపులో చూళ్ళేదే తల్లీ, ఈసారి చూసి చెబుతాలే" అనేది కోడలితో. ఆ ఈసారి ఎప్పుడూ రాలేదు. అలా ఆ ఇంట్లో సినిమా చూసే హక్కున్న ఇద్దరికీ ముగింపు తెలియదు, తెలుసుకోవాలని ఉన్న మనిషికి హక్కు లేదు.

ఒక ఆదివారం శుభం పడ్డాక జోగారావు మంచినీళ్ళ కోసం వంటింటి గుమ్మం దగ్గరికి వస్తే హైమావతి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఉల్లిపాయలా?" అన్నాడు.

"కాదండీ. నాకు ఆ తలుపొక్కటి చూడాలనుంది. సినిమా అంతా అక్కర్లేదు."

పెళ్ళాం మీద జోగారావుకున్న ప్రేమ ఉత్తుత్తి ప్రేమ కాదు. ఇన్నేళ్ళలో ఆమె కోరిన కోరిక ఇదొక్కటేనని అప్పుడే గుర్తొచ్చి, తన మీద తనకే చిరాకు పుట్టింది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి రీజియన్ ఆఫీసుకి వెళ్ళాడు.

అక్కడి గుమస్తా చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మూడు నుంచి ఒకటికి ప్రమోషన్ ఉందండి, లేదనట్లేదు. ఇంటికి కోడలొస్తే చాలు, దానంతటదే అయిపోద్ది."

"మాకు ఒక్కత్తే ఆడపిల్లండీ. దానికీ పెళ్ళయిపోయింది. ఇప్పుడు వాళ్ళత్తగారి వంటింట్లో ఉంది."

"శుభం. అయితే మీ ఆవిడగారికి ఖాళీ లేదండి."

"అల్లుడున్నాడు కదా?"

"అల్లుడొస్తే వంటింటికి పని పెరుగుద్ది గానీ తగ్గదు కదండీ," అని గుమస్తా ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆ మాటలో లోపం జోగారావుకి కూడా దొరకలేదు. లేవబోతుంటే గుమస్తానే జాలిపడి గొంతు తగ్గించి, "ఈమధ్య రీజియన్ ఫ్రీ ప్లేయర్లని వస్తున్నాయండి. ఇంట్లో పెట్టుకుంటే మేం ఏమీ అనం," అన్నాడు.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ బుల్లబ్బాయి ఎలక్ట్రానిక్స్‌కి వెళ్ళారు. బుల్లబ్బాయి జోగారావుకి స్పీకర్లు అమ్మినవాడే.

"రీజియన్ ఫ్రీ ప్లేయర్ కావాలయ్యా."

"ఆయ్. ఎంత ఫ్రీ కావాలండి?"

"అదేంటి, ఫ్రీ అంటే ఫ్రీయే కదా."

"అందరూ అలాగే అనుకుంటారండి. బాక్సు మీద ఫ్రీ అనే ఉంటది. ఇంటికెళ్ళాక తెలుస్తాది," అంటూ బుల్లబ్బాయి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. మొదటిది ఒకటికీ రెండుకీ మధ్య మాత్రమే ఫ్రీ, అంటే జోగారావు పడగ్గదిలో పడుకుని కూడా చూడొచ్చు. రెండోది రిమోట్‌తో కోడ్ కొడితే అన్ని రీజియన్లకీ తెరుచుకుంటుంది. "కోడ్ అయ్యగారికిస్తామండి. అమ్మగారు చూడాలంటే అయ్యగారు కొట్టాలి."

"ఈయన నిద్రపోతేనో?" అని హైమావతి అడిగింది.

"మూసుకుపోద్దండి."

మూడో దాంట్లో చుట్టం మోడ్ ఉంది. మూడో రీజియన్ మనిషిని సినిమా అయ్యేదాకా ఆ ఇంటికొచ్చిన చుట్టంగా లెక్కేస్తుందట. చుట్టాలకు హాల్లో అడ్డు లేదు. ఇదేదో బాగుందని జోగారావుకి తోచింది. బుల్లబ్బాయి పెట్టె కడుతుంటే హైమావతి మెల్లిగా అడిగింది.

"స్టవ్వుల్లో రీజియన్ ఫ్రీది ఉందా అండీ?"

బుల్లబ్బాయి పురికొస చేత్తో పట్టుకునే ఆలోచించాడు. "ఎవరూ అడగలేదండి. కంపెనీలు కూడా చెయ్యట్లేదు."

ఆదివారం వచ్చింది. చుట్టం మోడ్ వాడే పద్ధతి పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశారు. హైమావతి పట్టుచీర కట్టుకుని వీధిలోకి వెళ్ళి, తన ఇంటి బెల్లు తనే కొట్టింది. జోగారావు తలుపు తీసి "రండి రండి, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!" అన్నాడు. మాణిక్యాంబ "ఇంట్లో అందరూ కులాసానా అమ్మా?" అని కోడల్ని పరామర్శించింది. ఆమె కోసమే కొన్న కొత్త కుర్చీలో ఆమెను కూర్చోబెట్టారు. తెర నీలంగా మారలేదు. పేర్లు పడుతుంటే హైమావతికి ఒళ్ళు జలదరించింది. ఇంతకాలం చెవిన పడ్డ ఆ పాటకి ఇన్ని పేర్లున్నాయా అనుకుంది. అంతలో జోగారావు గొంతు సవరించుకున్నాడు. ఊరికే, ఏదో గరగరలాడి. హైమావతి తల తిప్పకుండానే, తనకే తెలియకుండా, "కాఫీ పెట్టనా?" అంది.

తెర నీలంగా మారింది. "ఈమె చుట్టం కాదు" అని పడింది.

మర్నాడు జోగారావు ఆ పెట్టె తిరిగిచ్చేసి, "బుల్లబ్బాయ్, నిజంగా ఫ్రీ అయినది ఇయ్యి. ఎంతైనా పర్లేదు," అన్నాడు. కొత్త స్కూటర్ కొనుక్కుందామన్న మాట మానుకున్నాడు. బుల్లబ్బాయి లోపలి గదిలోంచి ఒక నల్ల పెట్టె తెచ్చాడు.

"ఇది మనిషి రీజియన్ అడగదండి. హాల్లో కూర్చోవచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు. మనిషి ఎక్కడుంటే బొమ్మ అక్కడ పడుద్ది. గోడ మీదా పడుద్ది, పళ్ళెం మీదా పడుద్ది. వీధిలో చాలామంది తీసుకున్నారండి. కంప్లైంట్ ఒక్కటీ లేదు."

బిగించడానికి ఆదివారం బుల్లబ్బాయే స్వయంగా వచ్చాడు. హైమావతి ఈసారి మామూలు నేత చీరతోనే కుర్చీలో కూర్చుంది. బెల్లు కొట్టలేదు, ఎవరూ రండి రండి అనలేదు. కథ మొదలైంది. పెద్దకోడలు గడపలోకి వచ్చింది. "అయ్యో, ఈ పిల్ల ఇంత పొట్టిదా!" అంది హైమావతి. పసుపు చీర అనుకున్నది ముదురాకు రంగు. మామగారి గొంతు విని బండమనిషి అనుకుంటే ఆయన ఎండుపుల్లలా ఉన్నాడు. ఒక్కొక్కటి కనబడుతుంటే ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మధ్యలో ఒకసారి "కాఫీ పెట్టనా?" అని నోరు జారి, బెదిరి తెర వంక చూసింది. ఏమీ కాలేదు. జోగారావు పెళ్ళాం మొహమే చూస్తున్నాడు గానీ సినిమా చూడ్డం లేదు. ఇంత మంచి పని ఇన్నేళ్ళు ఎందుకు చెయ్యలేదురా వెధవా అని తనని తను తిట్టుకున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. మాణిక్యాంబ కదిలింది. "హైమా, పొయ్యి మీద ఏవన్నా పెట్టావుటే?"

"ఇవాళ వంట వద్దమ్మా, హోటల్ నుంచి తెప్పిద్దాం," అన్నాడు జోగారావు.

"హోటల్ కూడు నాకు పడదురా నాయనా. మీరు తినండి, నేను మజ్జిగ తాగి పడుకుంటాలే."

హైమావతి లేవబోయింది. "నువ్వు కూర్చోవే!" అని జోగారావు గద్దించి, తనే వంటింట్లోకి దూసుకెళ్ళాడు. స్టవ్వు తిప్పాడు. వెలగలేదు. ఇంకోసారి తిప్పాడు, లైటర్ నొక్కాడు, అగ్గిపుల్ల గీశాడు. వెలగలేదు. నిస్సహాయంగా తలెత్తి చూసేసరికి, స్టవ్వు వెనకాల గోడకి అతికించిన తెల్లటి టైల్స్ మీద, పోపుల డబ్బాకీ నూనె సీసాకీ మధ్య, పెద్దకోడలు పాట పాడుతోంది.

"హైమా!" అని జోగారావు ఇల్లదిరేలా అరిచాడు. ఆయన గొంతులో పట్టరాని ఆనందం. "ఇక్కడా వస్తోందే! బొమ్మ ఇక్కడా వస్తోంది! ఇంక నువ్వు హాల్లోకి రానే అక్కర్లేదు!"

హైమావతి వెళ్ళి చూసింది. నిజమే, ఒక్క గీత లేకుండా వస్తోంది. హాల్లో కన్నా ఇంకా దగ్గరగా ఉంది. మాణిక్యాంబ కూడా గుమ్మం దాకా వచ్చి చూసి, "అదృష్టవంతురాలివే. మా రోజుల్లో ఈ మిషన్లు లేవు," అంది మనస్ఫూర్తిగా. అందరికీ సంతోషంగానే ఉంది. అబద్ధమెందుకు, హైమావతికీ సంతోషంగానే ఉంది. ఆమె కొంగు దోపుకుని స్టవ్వు తిప్పింది, వెలిగింది.

బుల్లబ్బాయి వైర్లు సర్దుకుంటూ, "అందరూ చివరికి ఇలాగే వాడతారండి," అని చెప్పి వెళ్ళిపోయాడు. మాణిక్యాంబ దండెం మీది బట్టలు మడతపెట్టి కొత్త కుర్చీలో పెట్టింది.

గుత్తొంకాయ కూర అయింది. వడ్డన అయింది. జోగారావు రెండోసారి వేయించుకుని తిని, సోఫాలో ఒరిగి గురక పెట్టాడు. చివరి పాట మొదలైంది, మాణిక్యాంబ కొంగు కళ్ళకద్దుకుంది. వంటింట్లో హైమావతి గట్టు మీద పళ్ళెం పెట్టుకుని, నిలబడి అన్నం కలుపుకుంటోంది. పట్టీల చప్పుడు వినబడగానే చెయ్యి ఆగిపోయింది.

టైల్స్ మీద పెద్దకోడలు నడిచి వచ్చింది. గడియ తీసింది. తలుపు కిర్రుమంది. బయట ఎర్రటి ఎండ, ఖాళీ రోడ్డు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి రోడ్డు వంక చాలాసేపు చూసింది. హైమావతి ఊపిరి బిగబట్టి, "వెళ్ళవే, వెళ్ళు," అంది పైకే. ఆ పిల్ల తలుపు మూసింది, లోపలి నుంచే. గడియ పెట్టి, వెనక్కి తిరిగి, వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది. వీణ మోగింది. శుభం అక్షరాలు సరిగ్గా మంట మీద పడ్డాయి.

హైమావతి కలిపిన అన్నం అలాగే ఉంది.

వీణకి మెలకువ వచ్చిన జోగారావు కళ్ళు నులుముకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "చూశావా? చూశావుటే? ఎటెళ్ళింది?" అని పసివాడిలా ఆత్రంగా అడిగాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ముగింపు తెలిసిన మనిషి ఆమె ఒక్కత్తే.

"బయటికే వెళ్ళిపోయిందండీ," అంది హైమావతి.

జోగారావు మొహం వాడిపోయింది. నిజంగానే బాధపడ్డాడు. గుమ్మానికి ఆనుకుని, "అయ్యో పాపం," అన్నాడు. "మరి ఆ ఇంట్లోవాళ్ళకి అన్నం ఎవరు పెట్టుంటారే?"

హైమావతి భర్త వంక చూసింది. నిద్రకి ఆయన జుట్టు రేగి ఉంది, చొక్కా మీద కూర మరక. ఆమెకు నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా.

"కాఫీ పెట్టనా?" అంది.

ఈసారీ తెర నీలంగా మారలేదు.