తనిఖీలో ఉన్న పెళ్ళికొడుకు

నాలుగో అంతస్తు ఇన్‌స్పెక్టరుగారి అమ్మాయి ప్రేమించిన పెద్దమనిషిని తనిఖీ నిమిత్తం తాత్కాలికంగా వాడుక నుంచి తప్పించడమైనది. తనిఖీ ముగిసేవరకు అమ్మాయి ఆయనను కలవరాదు. ఇందువల్ల ప్రేమికులకు కలిగే అసౌకర్యానికి కుటుంబసభ్యులు చింతిస్తున్నారు.

ఇన్‌స్పెక్టరుగారంటే పోలీసు కాదు. ఊళ్ళోని లిఫ్టులన్నీ ఎక్కి దిగి, కేబుళ్ళు లాగి, బ్రేకులు చూసి, మనుషులు నిర్భయంగా ఎక్కవచ్చునని ముద్ర వేసే ఉద్యోగి. ఆయన ముద్ర వేసిన లిఫ్టు ఇంతవరకు ఒక్కటీ పడలేదు. వేయనివీ పడలేదనుకోండి, అది వేరే సంగతి. ఇంట్లో కూడా ఆయన పరీక్షించనిదే ఏదీ వాడుకలోకి రాదు. కొత్త కుర్చీ వస్తే ముందు తాను దానిమీద గెంతి చూస్తారు. అమ్మాయికి చెప్పులు తెస్తే రెండు చేతులతో మెలితిప్పి చూసి ఇచ్చేవారు. అవి తెగేవి కావు. తెగలేదు కనుక అమ్మాయికి నచ్చినట్టే లెక్క.

అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని. కళ్ళు మండుతుంటే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు ఒక అద్దం పెట్టి, అది తీసి ఇంకొకటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. "తెలియడం లేదండీ" అందామె. "తొందరేముంది, మళ్ళీ చూద్దాం" అన్నాడు. తనకేది బాగుందో అడిగి, జవాబు కోసం ఆగిన మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం. ఆయనకు యాభై నాలుగేళ్ళు. ఆయన చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని చూశాకే ప్రేమించింది గనుక, చూపులో లోపమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

సంగతి ఇంట్లో చెప్పింది. ఇన్‌స్పెక్టరుగారికి యాభై మూడు.

"నాకంటే ముందు తయారైన మోడలు!" అన్నారాయన, కూర్చున్న కుర్చీని మరోసారి పరీక్షగా ఊపి చూసుకుంటూ.

అమ్మగారికి బట్టలు సరిచేసి కుట్టే దుకాణం ఉంది. మనిషి నడుము చూసి కొలత చెప్పగలరు. "గుడ్డ మంచిదే కావచ్చు, కాదనను. ఎన్ని ఉతుకులు అయ్యాయో అదీ చూసుకోవాలి కదండీ" అన్నారు.

కబురు అందగానే ఇన్‌స్పెక్టరుగారి అక్కగారు బయలుదేరి వచ్చారు. వీధి గుమ్మం దగ్గర ఏడుపు మొదలుపెట్టి, లిఫ్టులో వినేవాళ్ళెవరూ లేనందున ఆపి, నాలుగో అంతస్తులో మళ్ళీ అందుకున్నారు.

"ఒరే తమ్ముడూ! తండ్రి వయసు వాడితోనట్రా! నలుగురూ ఏమనుకుంటారురా!"

వెనకాలే సంచులు మోసుకుంటూ బావగారు వచ్చారు. ఆయన అక్కగారికంటే పదిహేడేళ్ళు పెద్ద. పెళ్ళినాడు వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన్ని పెళ్ళికొడుకు తండ్రి అనుకుని పలకరించారు. అయినా ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంబంధం పెద్దలు చూశారు. పెద్దలు చూసిన తేడా తేడా కిందికి రాదు.

"మరి నీకూ మావయ్యకీ ఎంత తేడా అత్తయ్యా?" అంది అమ్మాయి.

"చాల్లేవే, చెప్పొచ్చావు! నన్నెవరైనా అడిగి చేశారటే? అడక్కుండా చేశారు కాబట్టి మర్యాదగా ఉంది."

ఈ తర్కానికి ఎదురు లేకపోవడంతో, ఇన్‌స్పెక్టరుగారు విషయాన్ని తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన న్యాయం తప్పే మనిషి కాదు. "పాతదని చెప్పి దేన్నీ పక్కన పెట్టడానికి రూలు ఒప్పుకోదు. పనితీరు చూడాలి. చూసేంతవరకూ ఎవరూ ఎక్కకూడదు" అని ప్రకటించారు.

ఆదివారం దుకాణదారు హాజరయ్యారు. ముందు బరువు పరీక్ష. అక్కగారి సంచులు మోసుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కి దిగారు. దిగుతూ రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ చెత్తబుట్టను కూడా అడక్కుండా అందుకుని కిందికి తీసుకుపోయారు. అది పరీక్షలో లేని అంశం. అమ్మగారు కిటికీలోంచి చూశారు. ఆరోజు ఆయన టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ పడింది. తరువాత ఓర్పు పరీక్ష. అక్కగారిని మధ్యాహ్నమంతా ఆయనతో మాట్లాడనిచ్చారు. ఎక్కడా కిర్రుమన్న చప్పుడు రాలేదు. అమ్మగారు ఆయన కాలరు వేళ్ళతో నలిపి చూసి, "ఇక కుంచించుకుపోయేదీ లేదు, రంగు వెలిసేదీ లేదు. కావలసినవన్నీ ఇదివరకే అయిపోయాయి" అని అభిప్రాయం చెప్పారు.

మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తనిఖీ మలుపు తిరిగింది. ఇద్దరికీ ఎడమ మోకాలే నొప్పి. ఇద్దరూ వాడేది ఒకటే పూతమందు. ఆనాటి నుంచి తనిఖీ సాయంత్రాలకు పొడిగించబడింది. ఇద్దరూ కలిసి నడకకు వెళ్ళేవారు. దారిలో కనిపించిన ప్రతి లిఫ్టునూ ఇన్‌స్పెక్టరుగారు విమర్శించేవారు, ప్రతి బాటసారి కళ్ళజోడునూ దుకాణదారు విమర్శించేవారు. చూస్తూండగానే "ఇన్‌స్పెక్టరుగారూ" కాస్తా "మావయ్యగారూ" అయింది. తనకంటే ఏడాది పెద్దవాణ్ణి ఇన్‌స్పెక్టరుగారు "అబ్బాయ్" అని నోరారా పిలవసాగారు.

"నేనెప్పుడు కలవాలి నాన్నా ఆయన్ని?" అంది అమ్మాయి.

"తనిఖీ నడుస్తోంది కదా తల్లీ. మధ్యలో తొందరపడితే ఎలా?" అంటూ ఆయన బూట్లు తొడుక్కుని అబ్బాయితో నడకకు వెళ్ళిపోయారు.

ఎట్టకేలకు ఫలితం వెలువడింది. మా భవనంలోని అన్ని అంతస్తుల వాళ్ళనీ పిలిచి కుర్చీలు వేశారు. ఇన్‌స్పెక్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయి తనంతట తాను చేసుకున్న ఎంపిక చెల్లదు కనుక దానిని రద్దు చేస్తున్నాం. ఏర్పడిన ఖాళీలో, పెద్దలమైన మేము అన్ని విధాలా విచారించి, మరొక యోగ్యుణ్ణి నియమిస్తున్నామని సంతోషంతో తెలియజేస్తున్నాను!"

మరొక యోగ్యుడు పక్క కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టారు. కళ్ళజోళ్ళ దుకాణదారే. మేమందరం చప్పట్లు కొట్టాం. మొన్నటిదాకా "ఆ ముసలాడితోనా" అన్నవాళ్ళం, "ఎంత నిదానస్థుడో చూడండి" అనుకున్నాం.

అమ్మాయి ఆయనకేసి చూసింది. "మీరేమంటారు?" అంది.

"పెద్దవాళ్ళు అనుకున్నాక మనం అనేదేముంది?" అన్నారాయన, తనకంటే ఏడాది చిన్నవారైన పెద్దవారి వైపు చూసి. "ఇల్లెక్కడ తీసుకోవాలో, ఏ గదికి ఏ రంగు వెయ్యాలో, అన్నీ మావయ్యగారు చూసేశారు. నీకు బాగుంటుంది."

అమ్మాయి ఆగింది. ఇంకో మాట వస్తుందేమో, రావలసిన ప్రశ్న ఒకటి ఉండిపోయింది కదా అన్నట్టు ఆగింది. రాలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"వయసు కాస్త ఎక్కువేమో నాన్నా" అంది.

ఇల్లు ఇల్లంతా నిర్ఘాంతపోయింది.

"వయసా! వయసుదేముందే పిచ్చిదానా!" అక్కగారు గుండెలు బాదుకున్నారు. "మీ మావయ్యని చూడు, నిక్షేపంలా లేరూ!" నిద్రపోతున్న బావగారిని తట్టి లేపి చూపించారు. అమ్మగారు, "అంత వయసు పట్టింపేమిటి తల్లీ, మనుషుల్ని చూడాలి గాని" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు కళ్ళు తుడుచుకుని, "ముద్ర వేశాక వెనక్కి తీసుకునే రూలు లేదమ్మా" అన్నారు.

అమ్మాయి సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. మేమందరం పరుగున పోయి లిఫ్టు ముందు నిలబడ్డాం. నాలుగో అంతస్తు నుంచి కిందికి వెళ్ళాలంటే దాని దగ్గరికే కదా రావాలి, పైగా అందులో ఉన్నది సొంత తండ్రి ముద్ర. ఆమె రాలేదు. మెట్లవైపు నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. తొందరేమీ లేని చప్పుడు.

అసలు ఆమెకు ఏం కావాలో లిఫ్టు దగ్గరే నిలబడి చాలాసేపు చర్చించాం. అందరి దగ్గరా ఒక్కో జవాబు ఉంది. దుకాణదారు దగ్గర కూడా ఉంది. మెట్ల తలుపు పక్కనే ఉంది, తెరిచే ఉంది. దిగి వెళ్ళి ఆమెనే అడుగుదామంటే, ఆ మెట్లను ఇంతవరకు ఎవరూ తనిఖీ చేయలేదాయె.