చెమట పట్టిన పెట్టె

మన్యంలో పితూరీ, అదే తిరుగుబాటు, అణిగిన మరుసటి ఎండాకాలం. ఆ పొద్దున యర్రమ్మ అనుకున్నది ఒక్కటే, గాజు పెట్టెలో ఊరిన మంచినీళ్లు కోడలు సోములమ్మకు కడుపారా తాగించాలని. అనంతగిరి కొండల్లో వాళ్ల గూడెం ఊట ఎండిపోయింది. గుంట నీళ్లు తాగిన సోములమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. పైగా నిండు చూలాలు.

కాంపౌండరు సత్యనారాయణ ఆ పెట్టె మోయించుకొచ్చి, లోపలి రేకు పళ్లెంలో గుంట నీళ్లు పోసి, పైన వాలుగా అద్దం బిగించాడు. ఎండకు నీరు ఆవిరై, అద్దానికి పట్టి, చెంబులోకి జారుతుంది. కానీ పొద్దంతా ఊరితే ఒక్క చెంబుడే. అది చాలకపోతే పిల్లని డోలీలో కొండ దించి ఆసుపత్రికి చేర్చాలని చెప్పి వెళ్లాడు. ఆ రాళ్లదారిలో డోలీ కుదుపు యర్రమ్మకు తెలుసు.

పూజారి గాసి వచ్చి, పెట్టెలో నీళ్లిచ్చే తల్లి కొలువుందనుకుని, అద్దం నిండా పట్టిన చెమ్మ చూసి నొచ్చుకున్నాడు.

"తల్లికి సెమట్లు కారిపోతన్నాయి యర్రమ్మా. ఎండలో నిలబెట్టీసి నీళ్లిమ్మంటే ఏటిత్తాది?"

యర్రమ్మకు నిజమేననిపించింది. గూడెమంతా కలిసి అడ్డాకులతో పందిరి వేసింది. ఆ రోజు చెంబు అడుగు కూడా తడవలేదు. తల్లికి నీడ చాలలేదని గాసి తేల్చాడు. పందిరి మందంగా కప్పారు. ఈసారి చుక్క లేదు. తల్లి అలిగిందన్నారు. యర్రమ్మ కొడుకు వరహాలు డోలీకి కర్ర వెతకడం మొదలుపెట్టాడు.

ఆఖరికి పూజ. పళ్లెం ఖాళీ చేసి, అద్దం ఊడదీసి కడిగి అవతల పెట్టారు. గాసి గుగ్గిలం పొగ వేశాడు. నిప్పురవ్వ ఎండుటాకుల్లో పడింది. పందిరి భగ్గుమని పళ్లెంలో కూలింది. అందరూ గుంట నీళ్లు తెచ్చి కుమ్మరించారు. పెట్టె దక్కింది గాని పళ్లెం బొగ్గులా మాడింది. ఇసకతో ఎంత తోమినా ఆ నలుపు వదల్లేదు.

మర్నాడు యర్రమ్మ విసుగ్గా పళ్లెంలో నీళ్లు పోసి, అద్దం పెట్టి, బోడి ఎండలో వదిలేసింది.

"ఇంక నీ ఇట్టం, తల్లీ. పందిరీ లేదు, పూజా లేదు."

మధ్యాహ్నానికే చెంబు పొర్లింది. ఆమె కుండ కోసం పరుగెత్తింది. సాయంత్రం సోములమ్మ దాహం తీరా తాగి, ఇంకా మిగిల్చింది. వరహాలు డోలీ కర్ర పొయ్యిలో పెట్టాడు.

తర్వాత వచ్చిన కాంపౌండరు, నలుపు ఎండని బాగా పీలుస్తుందని మెచ్చుకుని, ఈ ఉపాయం ఎవరిదని అడిగాడు.

"తల్లికి నల్లకోక కావాలన్నాది బాబూ," అన్నాడు గాసి. "నానే కట్టబెట్టినాను."

పక్క గూడెం వాళ్లు పద్ధతి అడగడానికి వస్తే యర్రమ్మ దాపరికం లేకుండా చెప్పింది, ముందు మంచి పందిరి వేసుకోవాలని.