మనసు పంపవలసిన చోటు

ఆ మంగళవారం తాక్ యంగ్‌సిమ్‌కి రెండే పనులున్నాయి. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి ఆరు నెలలకోసారి చేసే పరీక్ష చేయించుకోవడం ఒకటి. మధ్యాహ్నంలోగా దోంగ్‌దేమున్ బజారుకు తిరిగివచ్చి, సంఘం ఆఫీసులో కొట్టు కౌలు కాగితం మీద సంతకానికి బదులు తన పేరు ముద్ర వేయడం రెండోది. ముద్రకు అదే ఆఖరి రోజు. పన్నెండు దాటితే కొట్టు ఖాళీ కింద లెక్క. ముందు రోజే వేసి ఉండవచ్చు. కానీ ఆఖరి రోజు దాకా బేరం ఆడకుండా కౌలుకు ఒప్పుకున్నవాడు బాగుపడిన దాఖలా ఆ బజారులో లేదు.

కొట్టు ఒక మంచం వెడల్పు ఉంటుంది. రెండో అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమ పక్క. నిలువెల్లా రిబ్బను చుట్టలే. మెట్ల పక్క కొట్టు అంటే దారిన పోయే ప్రతివాడి కన్నూ దాని మీద పడుతుంది, పక్క కొట్టువాళ్ళయితే కన్ను అసలు తీయరు. ఎడమ పక్కన లేసులమ్మే బాంగ్ గిల్సు ఆమెను ఇరవై ఏళ్ళుగా అక్కా అని పిలుస్తున్నాడు, ఆ కొట్టును కూడా దాదాపు అన్నేళ్ళుగానే చూస్తున్నాడు.

తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, కిందటేడు ఆపరేషన్ అయిందనీ యంగ్‌సిమ్ బజారులో ఎవరికీ చెప్పలేదు. జొంజూలో చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంది, చూసుకోవాలి అని చెప్పి వెళ్ళింది. జబ్బు మనిషికి బజారులో సరుకు అరువు పుట్టదు. అద్దకం ఫ్యాక్టరీవాడు సరుకు ముందు ఇచ్చి డబ్బు తర్వాత తీసుకునేది నీ ముఖం చూసి కాదు, వచ్చే ఏడు కూడా నువ్వుంటావన్న లెక్క చూసుకుని.

ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే, హారు ఫ్యాషన్ కంపెనీ మేనేజరు గూ. తన తల్లిని ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు వరుసలో యంగ్‌సిమ్ కనిపించింది. గూ మంచివాడే, కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అయితే హారు ప్రతి అక్టోబరులోనూ రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం ఒక ఫ్యాషన్ షో పెట్టి విరాళాలు పోగుచేస్తుంది. ఈసారి వేదిక మీద నిజమైన రోగి ముఖం కావాలని యజమానురాలు మిన్ సేరా పట్టుబట్టేసరికి, ఆవిడకొక్కదానికే చెప్పాడు.

"మీ ముఖంలో ఒక కథ ఉందండీ," అంది సేరా.

"కథ సంగతి నాకు తెలీదు. వచ్చే ఏడాది మీకు కావలసిన రిబ్బనంతా నా దగ్గరే కొంటారా?"

"అలాంటివి గూ చూసుకుంటాడు."

గూ తలూపాడు. "కొంటామమ్మా."

"ఫోటో బజారులో కనపడకూడదు."

"హోటల్ హాల్లో తప్ప ఎక్కడా ఉండదు. మీ బజారువాళ్ళు ఆ హోటల్ గుమ్మం కూడా తొక్కరు కదా," అన్నాడు గూ.

మాట అవమానంగానే ఉంది, కానీ హామీగా బాగుందని యంగ్‌సిమ్ ఒప్పుకుంది. జబ్బుకి ఇప్పటిదాకా ఖర్చే గానీ రాబడి లేదు. ఒక ఏడాది రిబ్బను వస్తుందంటే వదులుకోవడం దేనికని.

ఫోటో ఆలోచన పూర్తిగా సేరాది. ఆవిడ పదేళ్ళు పారిస్‌లో ఉండి వచ్చింది. నలుపు తెలుపు ఫోటో, సన్నటి నల్ల ఫ్రేము, ఫ్రేము నెత్తిన మధ్యలోంచి రెండు మూలలకూ జారే, రొమ్ము క్యాన్సర్ గుర్తయిన గులాబీ రిబ్బను. "ఫ్రేమే రిబ్బను తొడుక్కుంది, చూడండి," అంది. స్టూడియోలో ఉన్నవాళ్ళంతా చూశారు. చనిపోయినవాళ్ళ ఫోటోకి సరిగ్గా అలాగే నల్ల రిబ్బను కడతారని వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ జీతం ఇచ్చే మనిషి మురిసిపోతున్నప్పుడు చావు మాట ఎవరు ఎత్తుతారు? పైగా రిబ్బను గులాబీ రంగులో ఉంది కదా అని సరిపెట్టుకున్నారు.

ఆ రంగు ఖర్చునే గూ మిగిల్చేశాడు. షో ఆహ్వానం కంపెనీకి సరుకిచ్చే చిన్న వ్యాపారులందరికీ పంపి "స్వచ్ఛంద సహకారం" రాబట్టమని సేరా ఆఖరు నిమిషంలో చెప్పింది. హారుకి సరుకు అమ్మేవాడు స్వచ్ఛందంగా ఇవ్వకపోతే మరుసటి నెల ఏమవుతుందో అందరికీ తెలుసు. ఈ జనానికి రంగుల అచ్చు దండగ అనుకున్న గూ, ఆ ఫోటోతో సహా అంతా ఒకే నలుపులో అచ్చు వేయించాడు. హామీ గుర్తుంది గానీ, బజారు అంత పెద్దది, ఎవరు గమనిస్తారులే అనుకున్నాడు. కింద మాటలు కూడా ఆయనే రాశాడు. "తాక్ యంగ్‌సిమ్ గారి కోసం మనమందరం ఒక్కచోట చేరుదాం. శుక్రవారం మధ్యాహ్నం. నల్ల దుస్తులు ధరించి రావలెను." నలుపు సేరా కోరిక. విరాళం ఖాతా నంబరు పైన ఏ మాట పెట్టాలో తోచక, ఫోనులో ఈమధ్య వచ్చిన ఒక సందేశంలోంచి మర్యాదగా ఉన్న మాట తీసి పెట్టాడు. "మనసు పంపవలసిన చోటు." ఆ సందేశం ఆయన మేనమామ చావు కబురు. కొరియాలో చావు డబ్బు ఏ ఖాతాకి పంపాలో చెప్పడానికి రాసే మాట అది.

మంగళవారం పొద్దున యంగ్‌సిమ్ ఫోను ఆపి ఆసుపత్రి అల్మారాలో పెట్టి లోపలికి వెళ్ళిన సమయానికి, బజారు సంఘం నోటీసు బోర్డు మీద ఆమె ఫోటో ఉన్న ఆ ఆహ్వానం ఎక్కింది.

గిల్సు మొదట చూశాడు. ఫోను చేశాడు. స్విచ్ ఆఫ్. కొట్టుకి తెర దించి ఉంది. తెర దించి ఉన్న కొట్టూ పలకని ఫోనూ నల్ల రిబ్బనూ కలిస్తే వచ్చే మొత్తం ఒక్కటే. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. ఏడ్చి, ముఖం కడుక్కుని, సంఘం అధ్యక్షుడు యోమ్ దగ్గరికి వెళ్ళాడు.

"పాపం అక్క. ఆ కొట్టు ఇప్పుడెవరికండీ?"

"అప్పుడే ఏంటయ్యా, ఇంకా పూడ్చి ఉండరు," అన్నాడు యోమ్.

"నేను అడగకపోతే జిప్పులవాడు అడుగుతాడు. అక్క ఆత్మకి పరాయివాడు వస్తే నచ్చదు."

యోమ్ ఆలోచించాడు. ముద్రకి గడువు పన్నెండు, చనిపోయినవాళ్ళు ముద్ర వేయలేరు. పన్నెండు దాటగానే గిల్సు పేరు మీద రాశాడు. గిల్సు లేసు పెట్టెలు మోయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి గూకి ఫోను చేసి, వచ్చే ఏడాది హారుకి రిబ్బను తానే తెప్పించి ఇస్తానని చెప్పాడు. గూ పనిలో ఉన్నాడు. యంగ్‌సిమ్ ఏమైందని అడిగితే మాట పొడుగవుతుందని సరేనన్నాడు.

బజారులో చావు డబ్బు దానం కాదు, చేబదులు. మా ఇంట్లో పోయినప్పుడు నువ్వు డబ్బు కవరు తెచ్చావు, మీ ఇంట్లో పోయినప్పుడు నేను తెస్తాను. యంగ్‌సిమ్ ఇరవై ఏళ్ళలో ఆ మూడంతస్తుల్లో ఎవరింటి చావూ వదల్లేదు. వాళ్ళంతా ఇప్పుడు తీర్చేశారు. సంఘం తరపున నిధిలోంచి యోమ్ కూడా పంపాడు, భోజనం చేసి వచ్చి తీరిగ్గా, తన పేరు పెద్ద అక్షరాల్లో ఉండేలా మనిషెత్తు తెల్ల చామంతుల స్టాండు తోడుచేసి.

హారు ఆఫీసులో ఖాతా చూస్తున్న గూ అంకెలు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మూడేళ్ళ షోలలో చిల్లర వ్యాపారులు ఇచ్చినదంతా కలిపినా ఇంత లేదు. సేరా దగ్గరికి పరుగెత్తాడు.

"డిజైన్ బలం," అంది సేరా.

అంతలో కింద నుంచి ఫోను. చామంతుల స్టాండ్లు దిగుతున్నాయి. గూ కిందికి వెళ్ళి, స్టాండ్లకు కట్టిన పట్టీల మీద "ఆత్మకు శాంతి" చదివి, వాటిని ఒక్కొక్కటే గోడ వైపు తిప్పడం మొదలుపెట్టాడు. వెనకే సేరా వచ్చింది.

"తెలుపు ఎంత బాగుందో. హాల్లోకి పంపించెయ్."

"మేడమ్, ఇవి చావు పూలండీ. ఆవిడ పోయిందనుకుంటున్నారు."

సేరా ఒక చామంతిని సర్దింది. "పోలేదు కదా?"

"లేదండీ. ఆసుపత్రికి వెళ్ళారేమో, ఫోను పలకట్లేదు."

"అయితే మనం ఎక్కడా అబద్ధం చెప్పలేదు. శుక్రవారం దాకా ఉండనీ."

యంగ్‌సిమ్ ఆసుపత్రిలో ఆలస్యమైంది. ముందు యంత్రం పాడైంది, తర్వాత డాక్టరు కోసం కాచుకుంది. చివరికి ఏమీ లేదన్నారు. శుభ్రంగా ఉందన్నారు. ఆమె అల్మారా తీసి, ఫోను తెరిచి, తన ఆత్మకు శాంతి కోరిన సందేశాలు చదువుకుంది. అద్దకం ఫ్యాక్టరీ యజమానికి ఫోను చేస్తే, గొంతు వినగానే అతను ఏదో ప్రార్థన చదివి పెట్టేశాడు.

బజారుకు వచ్చేసరికి పొద్దుపోయి మిగతా కొట్లు కట్టేశారు, ఆమె కొట్టులో మాత్రం లేసులు వేలాడుతున్నాయి. గిల్సు ఆమెను చూసి ఒక పెట్టె కింద పడేశాడు.

"అక్కా... నువ్వు..."

"పరీక్షకి వెళ్ళానురా. ఏమీ లేదన్నారు."

"మంచి మాట చెప్పావక్కా." గిల్సు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. "కానీ ఇదంతా ఇప్పుడే సర్దానే."

యోమ్ కూడా కాదనలేదు. "మీరు బతికే ఉన్నారు, నేను ఒప్పుకుంటాను. అదెవరూ కాదనట్లేదు. కానీ కాగితం ప్రకారం గడువు దాటిపోయింది."

"మీరు చంపేయకపోతే నా కోసం కాసేపు ఆగేవారు కదా?"

"నేను చంపలేదు, నోటీసు చంపింది. వెళ్ళి వాళ్ళని అడగండి."

వెళ్ళి అడిగింది. సేరా ఆమెకు కాఫీ తెప్పించి, రెండు చేతులూ పట్టుకుంది.

"ఒక్క శుక్రవారం దాకా ఊరెళ్ళి రండి. పరిశోధన కోసం. మీలాంటి ఎందరో ఆడవాళ్ళ కోసం."

"నాలాంటిదాన్ని నేనే ఉన్నాను కదా. నా కొట్టు పోయింది. మీ కంపెనీ ఒక్క ఫోను చేస్తే యోమ్ ఇచ్చేస్తాడు."

"చేసి ఏమని చెప్పమంటారు? మీరు బతికున్నారని చెప్తే ఇచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"పోనీ రిబ్బను బేరమైనా ఉందా?"

గూ కిటికీలోంచి బయటికి చూశాడు. "బాంగ్ గిల్సు గారు ముందు ఫోను చేశారమ్మా. నేనేదో పనిలో ఉండి..."

యంగ్‌సిమ్ కాఫీ తాగలేదు. ఇంటికి వెళ్ళి బీరువాలోంచి నల్ల గౌను తీసి ఇస్త్రీ చేసుకుంది. ఆహ్వానంలో నలుపే రాశారు కదా.

శుక్రవారం హోటల్ హాలు రెండు రకాల జనంతో నిండింది. ముందు వరుసల్లో నల్ల పట్టుబట్టల్లో ధనవంతులు, ఛాతీ మీద గులాబీ రిబ్బనుతో. వెనక వరుసల్లో నల్ల కోట్లలో బజారు. డబ్బిచ్చినవాళ్ళు మనిషిని సాగనంపకుండా ఉండలేక కొట్లు మూసి వచ్చారు. ఆమె బతికుందని తెలిసిన గిల్సూ యోమూ కొట్టు గొడవ బయటపడుతుందని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళకి చావింట తప్పక పెట్టే గొడ్డుమాంసం పులుసూ అన్నమూ ఎక్కడా కనపడలేదు. గోరంత రొట్టెముక్క మీద ఆకు పెట్టి తిప్పుతున్నారు.

"ఇదేం చావు, తిండి లేదు?" అంది గుండీలమ్మే ఆవిడ.

"పెద్దోళ్ళ చావులు ఇంతే. ముందా పాట ఆపమనండి, ఏడుపు రావట్లేదు," అన్నాడు జిప్పులవాడు.

వేదిక మీద చామంతుల మధ్య ఫోటో వెలిగింది. అక్కడ రిబ్బను గులాబీగానే ఉంది. బజారువాళ్ళు అయినా లేచి, తలలు వంచి, పోయినవాళ్ళకి చేసినట్టు రెండుసార్లు సాష్టాంగం చేయడానికి మోకాళ్ళ మీదికి వంగారు. ధనవంతులు వెనక్కి తిరిగి, ఇదేదో ప్రదర్శనలో భాగమని చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడు యంగ్‌సిమ్ వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది.

ఒకరిద్దరు కేకలు వేశారు. గుండీలావిడ ఆమె చేయి గిల్లి చూసి, బతికే ఉందని రూఢి చేసుకుని, వెంటనే కోపం తెచ్చుకుంది.

"మరి మా డబ్బులు?"

ఆ మాటతో బజారంతా దుఃఖంలోంచి బయటపడింది. హారుని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, రేపు సరుకు అమ్మాలి. అందుకని అందరూ యంగ్‌సిమ్ మీదికే వచ్చారు. జబ్బు దాచిందనీ, బతికుండి చావు డబ్బు తిన్నదనీ. వేదిక మీద సేరా మైకు అందుకుని "ఇదే మా సందేశం, ఆమె తిరిగి పుట్టింది" అనేసింది. ముందు వరుసలు కళ్ళు ఒత్తుకున్నాయి.

యంగ్‌సిమ్ ఎవరికీ జవాబు చెప్పకుండా యోమ్ ముందు నిలబడింది.

"నిధిలోంచి చావు సొమ్ము ఎవరికి ఇవ్వాలండీ?"

"కొట్టున్న సభ్యులకే. నియమం అదేగా."

"నా పేరున ఎప్పుడు పంపారు?"

"మంగళవారం, భోజనం చేసి..." యోమ్ ఆగిపోయాడు.

"అంటే గడువు దాటాక. అప్పటికి నేను సభ్యురాలినైతే కొట్టు నాది. కాకపోతే నిధి సొమ్ము బయటి మనిషికి పంపారు, అది మీ జేబులోంచి కట్టాలి. ఏదో ఒకటి చెప్పండి, వీళ్ళందరూ వింటున్నారు."

యోమ్ తన జేబులోంచి ఏదైనా కట్టినట్టు బజారు చరిత్రలో లేదు. ఆయన చామంతుల మీది తన పేరు వంక చూశాడు.

"కొట్టు మీదే లెండి."

"అక్కా, లేసులు..." అన్నాడు గిల్సు.

"రేపటిలోగా తీసెయ్. రిబ్బను బేరం ఉంచుకో. హారువాళ్ళు ఎలా కొంటారో నీకూ తెలియాలి."

గుండీలావిడ మాత్రం కదల్లేదు. "అది సరే. నువ్వు నిజంగా పోయినప్పుడు మేం మళ్ళీ ఇవ్వాలా?"

యంగ్‌సిమ్ చుట్టూ చూసింది. ఆ ముఖాల్లో కోపం కన్నా లెక్క తేలని బాధే ఎక్కువగా ఉంది. అది ఆమెకు అర్థమయ్యే బాధ.

"అక్కర్లేదు. అందింది," అంది.

బజారు ఊపిరి పీల్చుకుంది. ఎవరో నవ్వారు కూడా. అందరూ కలిసి బయటికి వెళ్ళి ఎదురు సందులో పులుసు తాగారు, ఎవరిది వాళ్ళు కట్టుకుని.

ఆ ఏడాది హారు పోగుచేసిన విరాళం గురించి పత్రికలు రాశాయి, అట్ట మీద రాసిన పెద్ద చెక్కుతో సేరా ఫోటో వేశాయి. హోటలూ దీపాలూ మోడళ్ళూ పోను పరిశోధనకు చేరింది హోటల్ పూలవాడి బిల్లుకన్నా తక్కువని గూ ఒకరోజు తాగి చెప్పాడు. అద్దకం ఫ్యాక్టరీవాడు యంగ్‌సిమ్‌కి అరువు ఆపేసి, ముందు డబ్బు, తర్వాతే సరుకు అన్నాడు. పాత ఖాతాదారుల్లో సగంమంది మొహమాటంగా పలకరించి పక్క కొట్టుకు వెళ్తారు. ఆమె మెట్ల పక్కన కూర్చుని రిబ్బను కొలుస్తూనే ఉంది. ఆమె దగ్గినప్పుడల్లా ఆ అంతస్తులో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరుగుతాయి. అది జాలి కాదు. ముందే డబ్బు కట్టేసి, సరుకు ఇంకా అందనివాళ్ళ చూపు.