గుట్ట పందెం చూసిన చుక్కలు

ఒక పెద్ద అడవిలో గురవయ్య అనే ముసలి ఉడుము ఉండేవాడు. ఆయన పట్టుకుంటే బండనీ వదలడు, పగనీ వదలడు.

వయసులో ఉండగా నల్లగుట్ట ఎక్కే పందెంలో ఆయనే ముందున్నాడు. ఆఖరి బండ దగ్గర ఎవరో తోక పట్టి వెనక్కి లాగారు. మొదటి బహుమతి కొండముచ్చు వాలేశ్వర్రావుకి పోయింది. గురవయ్య లబోదిబోమన్నాడు గానీ, లాగడం చూశామన్నవాడు ఒక్కడూ లేడు. ఆ గెలుపు పేరు చెప్పుకుని వాలేశ్వర్రావు అడవి సభకి అధ్యక్షుడైపోయాడు. గురవయ్యకి అప్పట్నుంచీ తిన్నది ఒంటబట్టలేదు.

ఈమధ్య అధ్యక్షులవారికి కొత్త ముచ్చట పుట్టింది. గద్దల చేత పెద్ద టెలిస్కోపు మోయించి ఆకాశం పైకెక్కించాడు. సభ పెట్టి, తీగ కత్తిరించి, "ఇక విశ్వం అంచుదాకా చూసేది మన అడవే!" అన్నాడు. అందరూ తోకలతో నేల కొట్టారు. గురవయ్య మాత్రం తన తోక కదపలేదు.

గుడ్లగూబ పంతులమ్మ లేచి వివరం చెప్పింది. "వెలుగు మనదాకా రావడానికి టైము పడుతుంది. అంచేత ఎంత దూరం చూస్తే అంత పాతది కనిపిస్తుంది. ఇదైతే పదమూడు వందల కోట్ల ఏళ్ళ నాటి వెలుగుని కూడా పట్టేస్తుంది."

గురవయ్య నాలుక సర్రున బయటికొచ్చింది. "అంత పాతది నాకెందుకమ్మా! ముప్ఫై ఏళ్ళ కిందటి గుట్ట పందెం చూపించు, చాలు."

"మన పాత సంగతి మనకి కనబడదు బాబాయ్‌గారూ. అక్కడిది మనకి, మనది అక్కడివాళ్ళకి. వెలుగు వెళ్ళడానికి ముప్ఫై ఏళ్ళు పట్టే చుక్క దగ్గర ఎవరైనా ఉండి, ఇంతకన్నా పెద్ద టెలిస్కోపుతో ఇటు చూస్తే, మీ పందెం వాళ్ళకి ఇవాళ జరుగుతున్నట్టే ఉంటుంది."

"అంటే సాక్షులున్నారన్నమాట! ఒరేయ్ వాలేశ్వర్రావూ, విన్నావట్రా?"

కొండముచ్చుది అసలే నల్లటి మొహం, మరింత మాడిపోయింది. "అయితే... నేను తోక లాగడం కూడా కనిపిస్తుందా పంతులమ్మా?" అనేసి, వాలేశ్వర్రావు చటుక్కున నోరు మూసుకున్నాడు.

సభ గొల్లుమంది. గురవయ్య మెడ ఇంతెత్తున లేచింది. "విన్నారుగా! మొదటి బహుమతి నాది!"

"నీదా? పందెం మొదలని కూత పెట్టకముందే పొదల్లోంచి పాక్కుంటూ సగం గుట్ట ఎక్కేసింది ఎవరయ్యా? అందుకే లాగాను!"

లేచిన మెడ కిందికి దిగింది. "అదీ... అది ఎవరు చూశారు?"

"చుక్కల దగ్గరివాళ్ళు," అంది పంతులమ్మ.

అప్పుడు ముళ్ళపంది కోటమ్మ వెనక నుంచి లేచింది. ఆ పందెంలో ఆవిడ మూడో స్థానం. "ఏవయ్యా, అయితే గెలిచింది నేనేనా?"

"నువ్వు కూర్చో!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

వెంటనే తీర్మానం పెట్టారు. మనం వాళ్ళని చూడకపోతే వాళ్ళు మనల్ని చూడరు గనక, టెలిస్కోపు మూతికి మోదుగాకు కట్టాలి. ప్రతిపాదించింది గురవయ్య, బలపరిచింది వాలేశ్వర్రావు. పంతులమ్మ ఏదో చెప్పబోతే, సభ ముగిసిందన్నారు.

నీతి: ఎంత దూరమైనా చూడొచ్చు, అటునుంచి ఎవరూ ఇటు చూడనంతవరకు.