అజ్ఞాతుల హాజరు పట్టీ

మనిషి వివరాలను గోప్యంగా ఉంచాలంటే ముందుగా వాటన్నిటినీ సేకరించాలి. మానవజాతి ఇంతకంటే గొప్ప సూత్రాన్ని కనిపెట్టలేదు, ఇక కనిపెట్టే అవసరమూ లేదు.

వరంగల్ నుంచి జర్మనీ వెళ్లి పీహెచ్‌డీ చేస్తున్న చంద్రికకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. (అక్కడి ఊరి పేరు గోప్యం. రైలు సమయానికి రాని ఊరు అంటాను, జర్మనీలో అన్ని ఊళ్లూ అంతే కనక ఎవరూ పట్టుకోలేరు.) ఆమె ఒక యాప్ తయారుచేసింది. మీరెవరో చెప్పకుండానే, మీరు ఫలానా యూనివర్సిటీ విద్యార్థేనని అది గణితంతో రుజువు చేస్తుంది. కొందరు విద్యార్థులు దాన్ని వాడి చూస్తే థీసిస్ పూర్తవుతుంది. లేదంటే నెలాఖరుకు యూనివర్సిటీ ఇచ్చిన ఉద్యోగపు కాంట్రాక్ట్ పోతుంది, దాని వెనకే వీసా.

యూనివర్సిటీలో అజ్ఞాతుల నమోదు విభాగం ఉంది, దాని ముద్ర పడనిదే యాప్‌ను ఎవరి చేతా వాడించకూడదు. దాని అధికారి ఫ్రౌ క్రూగర్ చాలా మర్యాదస్తురాలు.

"మీ అజ్ఞాతులు ఎవరెవరు?" అని అడిగింది.

"తెలియదండీ. తెలియకుండా ఉండడమే నా పరిశోధన," అంది చంద్రిక.

"రేపు వాళ్లలో ఒకరు తన వివరాలు చెరిపేయమంటే?"

"అసలు తీసుకుంటే కదండీ."

"అదే నా అభ్యంతరం. తీసుకోనివి ఎలా చెరిపేస్తారు?"

యాప్ వాడేవాళ్లందరి పాస్‌పోర్టు కాపీలు శుక్రవారంలోగా ఇవ్వాలని, అవి అందాకే వారిని అజ్ఞాతులుగా గుర్తిస్తామని సెలవిచ్చింది.

చంద్రిక తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కష్టం చెప్పుకుంది. (వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికిందా, రూము ఖాళీ ఉందా అని అడుక్కునే గ్రూపు అది. వందల మంది ఉంటారు, వారిలో ఒక పచ్చళ్ల వ్యాపారి.) కాపీలు తనకే విడిగా, పాస్‌వర్డ్ పెట్టి పంపాలని ఆమె జాగ్రత్తలు టైపు చేస్తుండగానే గ్రూపు నిండా పాస్‌పోర్టులు వచ్చి పడ్డాయి.

మాస్టర్స్ చదివే శ్రీహర్ష ఫోన్ చేశాడు. "అక్కా, నాది గ్రూప్‌ల పెట్టిన. సాలదంటే సిటీ ఆఫీసోల్లిచ్చిన అన్మెల్డుంగ్ కాయితం గూడ పెడ్త, ఇంటి అడ్రస్ ఉంటది."

"అరేయ్, గివన్నీ ఎవ్వరికీ సూపియ్యకుండ ఉండేతందుకే కదరా నా రీసెర్చ్."

"నీ వీసా పోతది కదక్కా. మాయేం పోతయ్?"

చంద్రిక కళ్లు తుడుచుకుని, కాపీలన్నీ ప్రింటు తీసి శుక్రవారం ఆఫీసులో ఇచ్చింది.

ఇంత పకడ్బందీ గోప్యతను తన సర్వీసులో చూడలేదని ఫ్రౌ క్రూగర్ ముద్ర వేసింది. కాంట్రాక్ట్ పొడిగించారు. థీసిస్ అచ్చయింది. తమ వివరాలు బయటపడకూడదనే మనుషులు కోరుకుంటారని మొదటి పేజీలోనే రాసి ఉంది. నిబంధన ప్రకారం, సహకరించిన అజ్ఞాతులందరికీ చివరి పేజీలో పేరుపేరునా కృతజ్ఞతలు ఉన్నాయి, ఇంటి నంబర్లతో సహా.