అక్పెనె గుండె, అఫి నడక

"ఇకమీదట రోగి నోరు విప్పనక్కర్లేదు. తన చరిత్ర తన శరీరమే రాసుకుంటుంది" అని జెలుతా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ డోగ్బె ప్రకటించారు. ఘానాలో, వోల్టా నది తీరంలో, అంతవరకు ఏ సూపరింటెండెంటూ అంత గొప్ప మాట అనలేదు. అన్నాక ఏదో ఒకటి చెయ్యాలి గనక నలభైమంది గుండెజబ్బు రోగుల చేతులకు వాచీలు కట్టించారు. నాడి ఎంత కొట్టుకుందో, మనిషి ఎన్నడుగులు వేశాడో ఆ వాచీయే లెక్కపెట్టి, ఆసుపత్రి కంప్యూటర్లో రోగి పేరు కింద ఎక్కించేస్తుంది. రోజుకు ఆరువేల అడుగులు వెయ్యనివారు 'సహకరించని రోగులు' అగుదురనియు, వారి వాచీతోపాటు ఉచిత మందులు కూడ నిలిపివేయబడుననియు మాత్రం ఉత్తర్వు అట్టడుగున చిన్నక్షరాల్లో ఉంది.

ఆ చిన్నక్షరాల బలమెంతో నర్సు ఎసినమ్‌కు మూడోవారంలో తెలిసింది. చేపలు పొగబెట్టి అమ్మే అక్పెనె ఆ ఉదయం గోడ పట్టుకుని వచ్చింది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడంలేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

డ్యూటీ డాక్టరు ఆవిణ్ణి చూడలేదు, తెర చూశాడు. "నిన్న పద్నాలుగువేల అడుగులు. నాడి డెబ్బైరెండు. ఆసుపత్రి మొత్తానికి ఫస్టు నువ్వే పెద్దమ్మా. ఇంటికెళ్లు."

"ఆ కాళ్ల వాపు ఓసారి చూడండి సార్" అంది ఎసినమ్.

"వాపుకి ఇందులో గడి లేదు సిస్టర్."

ఎసినమ్ ఆవిణ్ణి వరండాలో బెంచీమీద కూర్చోబెట్టి నాడి చూద్దామని చెయ్యి అందుకుంది. మణికట్టు బోసిగా ఉంది.

"వాచీ ఏది పెద్దమ్మా?"

"మా సవతి దగ్గరుంది" అంది అక్పెనె తలొంచుకుని. "నేను గుమ్మమే దాటలేకపోతుంటే ఆరువేలంటే ఎక్కణ్ణించి తెచ్చేదమ్మా? మందులు ఆపేస్తారని అఫి కట్టుకు తిరుగుతోంది. ఇరవయ్యేళ్లు నాతో పోట్లాడిన మనిషి, నాకోసం నడుస్తానంటే కాదనలేకపోయాను."

ఎసినమ్‌కు ఎవరిమీద కోప్పడాలో తోచలేదు. రికార్డుల గదికి పరుగెత్తింది. వాచీ రాసినదాన్ని మనిషి దిద్దడానికి వీల్లేదన్నాడు గుమాస్తా. సూపరింటెండెంటుగారి సంతకం తెమ్మన్నాడు. ఎసినమ్, వాచీ తీసుకుని వెంటనే రమ్మని అఫికి ఫోన్ చేసి, అక్పెనెను చక్రాలకుర్చీలో కూర్చోబెట్టి సూపరింటెండెంటుగారున్న హాలుకు తోసుకెళ్లింది.

అక్కడ రాజధాని అక్రా నుంచి వచ్చిన అధికారులకు డోగ్బెగారు పెద్దతెరమీద అక్పెనె రికార్డే చూపిస్తున్నారు. కుర్చీని చూడగానే గుమ్మంలోకొచ్చి అడ్డం నిలబడ్డారు.

"ఫస్టొచ్చిన మనిషిని చక్రాలమీద తెస్తావా? ఆ జబ్బేదో రేపు చెయ్యమను" అన్నారు గొంతు తగ్గించి.

ఇంతలో సంతలోంచి అఫి వచ్చింది. సవతి మొహం చూసింది. వాచీ విప్పి ఆవిడ చేతికి కట్టింది.

తెరమీద డెబ్బైరెండు కాస్తా నూటనలభై దాటింది. తెరంతా ఎర్రబడింది. అధికారుల్లో పెద్దావిడ, మేడం లాంప్టే, లేచి నిలబడింది. "ఏమిటిది డాక్టర్?"

"అదే మేడం మన వ్యవస్థ గొప్పతనం" అన్నారు డోగ్బెగారు రెప్పవెయ్యకుండా. "ప్రమాదాన్ని మీ కళ్లముందే పసిగట్టింది."

చప్పట్లు కొట్టారు. వాచిన కాళ్లకు దొరకని వార్డులో మంచం, ఆక్సిజన్, పెద్ద డాక్టరు ఎర్రబడ్డ తెరకు రెండు నిమిషాల్లో దొరికాయి. ఎసినమ్ కోపం మింగి, అక్పెనె ముక్కుకు గొట్టం సర్దింది.

"మీరూ కట్టుకున్నారటగా?" అంది లాంప్టే. "మీ రికార్డు చూద్దాం."

"అబ్బే, సొంత గొప్ప ఎందుకులెండి మేడం" అంటూ డోగ్బెగారు కోటు చేతులు కిందికి లాక్కుంటూ కుర్చీలో కూర్చున్నారు. ఆయన అంత వినయం చూపడం ఎన్నడూ ఎరగని, తెర నడిపే గుమాస్తా ఉత్సాహంగా మీట నొక్కాడు.

ఈ రోజు అడుగులు: తొమ్మిదివేల ఎనిమిదివందల నలభై.

మళ్లీ చప్పట్లు. నలభై ఒకటి. నలభై రెండు. సూపరింటెండెంటుగారు కుర్చీలోంచి కదల్లేదు. అంకె మాత్రం కదులుతోంది. ఒక్కో చెయ్యీ చప్పట్లు ఆపేసింది. అంకె ఉన్నట్టుండి జోరందుకుంది. ఆయన కారు డ్రైవరు ఆ వాచీతో ఎక్కడో బస్సు వెంట పడ్డట్టున్నాడు.

అఫి తెరను శ్రద్ధగా చూసి, పనితనం తెలిసిన మనిషిలా తలాడించింది.

"అయ్యగారి సవతెవరో గానీ, నాకన్నా బాగా నడుస్తోంది."

అక్పెనెకు నవ్వాగలేదు.

"నవ్వకు పెద్దమ్మా, ఊపిరి దాచుకో" అంటూ ఎసినమ్ కుర్చీని వార్డు వైపు తిప్పింది.