ఏడడుగుల కాగితం, ఆరడుగుల గది

తొమ్మిది లోపల కాగితం వేలాడదీయాలి. పదింటికి బావ ఫోటో తీయాలి. పదకొండింటికి అన్నం తిని పడుకోవాలి. శుక్రవారం ఉదయం జీవరాజు వేసుకున్న పథకం ఇంతే. 1948 సెప్టెంబరు పదిహేడున, భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యం సరిహద్దు దాటిన అయిదో రోజున, సికింద్రాబాద్‌లో ఇంత చిన్న పథకం వేసుకున్న మనిషి మరొకడు ఉండి ఉండడు.

జీవరాజు రైల్వే తార్ ఆఫీసులో, అంటే టెలిగ్రాఫ్ ఆఫీసులో, గుమాస్తా. రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే బన్సీలాల్‌పేట్‌లోని ఇంటికి చేరాడు. ఆరు నెలల కిందట మేడ మీది గదిని స్టూడియో చేశాడు. అప్పటి నుంచి తీసినవి తొమ్మిది ఫోటోలు. వాటిలో నాలుగింటికి తలలు లేవు. భార్య కాంతమణి ఎనిమిది మంది ఆడపిల్లలను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని లేసు అల్లిక నేర్పుతూ వస్తోంది. ఆమె ఓపిక ఆ ఉదయానికి పూర్తిగా అయిపోయింది.

"పొద్దు గూకేలోపు ఒక్క ఫోటో సక్కగ తియ్యండి. లేకుంటే మేడ గది నా లేసు క్లాసుకు," అంది బజారు సంచి అందుకుంటూ.

"ఒక్కటే ప్లేటు మిగిలింది," అన్నాడు జీవరాజు. సరిహద్దులు మూసినప్పటి నుంచి కెమెరాలో పెట్టే గాజు ప్లేట్లు మద్రాసు నుంచి రావడం లేదు.

"ఒక్క ఫోటోకు ఎన్ని ప్లేట్లు గావాలె?" అని ఆమె మెట్లు దిగింది.

ఆ ఫోటో దిగవలసింది ఆమె అన్న జకర్యా. ఇరవై ఏళ్లు నిజాం పోలీసు జవానుగా ఎండలో నిలబడి, పోయిన వారమే జమేదార్ అయ్యాడు. కొత్త యూనిఫారంలో ఫోటో కావాలన్నాడు.

ఊళ్లోని స్టూడియోలన్నిటిలో వెనక రంగుల పరదా ఉంటుంది. దాని మీద రాజమహలు మెట్లు, పక్కన ఒక హంస. జీవరాజుకు హంస నచ్చదు. ఏదో విదేశీ పత్రికలో మనిషి వెనక ఉత్త తెలుపు చూసి మోజుపడ్డాడు. మిషన్ ప్రెస్సులో మిగిలిన కాగితం చుట్ట ఒకటి బతిమాలి తెచ్చుకున్నాడు. చుట్ట వెడల్పు ఏడడుగులు. గది ఆరడుగులు. కోయడానికి మనసు రాలేదు. అందుకని మేడ మీదే వీధివైపు వరండాలో కట్టాలని నిర్ణయించాడు.

చుట్టలోకి ఇనుప గొట్టం దూర్చి, రెండు తాళ్లతో దూలానికి వేలాడదీశాడు. అంచు జారకుండా బట్టల క్లిప్పులు రెండు పెట్టాడు. చేసిన పొరపాటు ఒక్కటే. కాగితం అంచు గదివైపు రావాలి. అతను ఎక్కించిన తీరుకు అది వీధివైపు ఉంది. స్టూలు దిగి, రెండడుగులు వెనక్కి వేసి, "భలే కుదిరింది," అనుకున్నాడు. అప్పుడు క్లిప్పులు వదిలేశాయి.

ఇరవై అడుగుల తెల్ల కాగితం పిట్టగోడ బయటి నుంచి బరబరా జారి, కింద ఉన్న దర్జీ వలీ దుకాణం గుమ్మాన్ని మూసేసింది. కాసేపటికి మెడలో టేపుతో వలీ దాని కింద నుంచి వంగి బయటికొచ్చాడు.

"ఏందిది తార్ బాబూ?"

"జెర మెల్లగ, వలీ భాయ్. ఎవ్వరికి చెప్పకు. మా ఇంటామెకు సుత తెల్వద్దు."

వలీ తెల్ల కాగితాన్ని చూశాడు. రాత్రంతా తార్ ఆఫీసులో ఉండి వచ్చిన మనిషి ముఖం చూశాడు. ఇంటామెకు కూడా చెప్పకూడని కబురంటే ఏమై ఉంటుంది?

"సమజైంది," అన్నాడు గొంతు తగ్గించి. "ఎన్ని గంటలకు?"

"పదింటికి," అన్నాడు జీవరాజు, బావ వచ్చే వేళ అడుగుతున్నాడనుకుని.

వలీ మాట మీద నిలబడ్డాడు. భార్య హనీఫాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. హనీఫా కూడా ఎవరికీ చెప్పలేదు, తెల్ల దుపట్టా తీసి కిటికీకి కట్టింది, అంతే. అది చూసి ఎందుకని అడిగిన ఎదురింటి సదాశివకు మాత్రం చెప్పింది; అతను పంచె తెచ్చి గోడ మీద వేశాడు.

"పంచె ఆరేస్తున్నవా?" అని పక్కింటాయన అడిగాడు.

"ఆరేసుడు గాదు. లొంగిపోతున్న. తార్ బాబుకు కబురొచ్చిందంట. పదింటికి సైన్యం వస్తదంట."

తొమ్మిదిన్నరకల్లా సందు చాకిరేవులా తయారైంది. ఇదంతా జీవరాజుకు కనబడలేదు. అతని ముందు కాగితం అడ్డంగా ఉంది. ముడత పడకుండా దాన్ని అంగుళం అంగుళం పైకి చుట్టుకుంటున్నాడు.

కాంతమణి బజారు నుంచి వస్తూ సదాశివ నోట విన్నది. కట్టుకున్న భార్యను వదిలి దర్జీకి చెప్పినందుకు మొగుడి మీద కోపం వచ్చింది. కోపం సాయంత్రానికి దాచుకుని, పెట్టె తెరిచి, మూడు నెలలు కూర్చుని అల్లిన లేసు టేబుల్ గుడ్డ తెచ్చి గుమ్మానికి కట్టింది.

సరిగ్గా పదికి జమేదార్ జకర్యా సందు మొదట్లో అడుగుపెట్టాడు. దుపట్టాలు చూశాడు, పంచెలు చూశాడు, చివరికి చెల్లెలి లేసు గుడ్డ చూశాడు.

"ఎప్పుడొస్తున్నరంట?" అని చెల్లెలిని అడిగాడు.

"పదింటికంట, అన్నా."

జకర్యా వంటింట్లోకి పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో యూనిఫారం బియ్యం డబ్బా అడుక్కు వెళ్లింది. జమేదారేమో జీవరాజు లుంగీలోకి వచ్చాడు. కాగితం సరిగ్గా తిప్పి కట్టి, కెమెరాలో ప్లేటు పెట్టి, చేతులు తుడుచుకుంటూ జీవరాజు కిందికి దిగాడు.

"బావా, గిట్లొచ్చినవేంది? యూనిఫారం ఏది?"

"ఉద్యోగమే పోతుంటే యూనిఫారమెక్కడిది బావా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"చెల్లె."

"నాకు సదాశివ చెప్పిండు," అంది కాంతమణి. "ఆయనకు హనీఫా. ఆమెకు వలీ."

"వలీకి ఎవరు చెప్పిండ్రు?"

గుమ్మంలో నిలబడ్డ వలీ గొంతు సవరించుకున్నాడు. "తార్ బాబూ, మీరే గద."

 జకర్యా లుంగీతోనే వీధిలోకి వెళ్లి, తెల్లవన్నీ తీసేయమని హుకుం ఇచ్చాడు. లుంగీలో ఉన్న జమేదార్ మాట ఎవరూ వినలేదు. బియ్యంలోంచి యూనిఫారం తీసి తొడుక్కుని, అడుగుకో గింజ రాల్చుకుంటూ మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ వాదన. చివరి దుపట్టా దిగేసరికి మూడు దాటింది. అప్పుడే ఠాణా నుంచి పిలుపు వచ్చింది.

"ఒక్క నిమిషం కూసో బావా, ఫోటో," అన్నాడు జీవరాజు.

"నీ ఫోటోకో దండం," అని జకర్యా వెళ్లిపోయాడు.

 కాంతమణి లేసు క్లాసు చాపలు ఒక్కొక్కటే మేడ మీదికి చేరవేయడం మొదలుపెట్టింది. ఒక్కో చాప పరిచినప్పుడల్లా ఒకసారి ఎండ వైపు చూసింది. ఏడో చాప పరిచే వేళకు జకర్యా టోపీ లేకుండా మెట్లెక్కి వచ్చాడు.

"బావా, గా కాగితం ఉందా? రేడియోల చెప్పిండ్రు. నిజాం నిజంగనే లొంగిపోయిండు."

"మంచిదాయె. కూసో, ఫోటో తీస్త. పొద్దు గూకుతుంది."

"యూనిఫారంలనా? ఇయ్యాలనా?"

జకర్యా క్లిప్పులు తానే పీకి, కాగితాన్ని పిట్టగోడ మీదుగా వీధిలోకి విసిరి, వంటింటి వైపు పరుగెత్తాడు. జీవరాజు స్టూలు మీద కూలబడ్డాడు. ప్లేటు ఉంది, కెమెరా ఉంది, మనిషీ లేడు, కాగితమూ లేదు. గది పోయినట్టే.

కింద నుంచి వలీ గొంతు వినిపించింది. "హనీఫా, కళ్లకు సుర్మా పెట్టుకుని రా. తార్ బాబు ఫోటోలు షురూ చేసిండు."

జీవరాజు వంగి చూశాడు. దుకాణం ముందు వేలాడుతున్న కాగితానికి వీపు ఆనించి వలీ నిలబడ్డాడు. సదాశివ పొద్దుటి పంచెనే మడత నలగకుండా కట్టుకొచ్చాడు. ఇంటింటి నుంచీ జనం తలకు నూనె రాసుకుని వస్తున్నారు. జీవరాజు కెమెరా భుజాన వేసుకుని మెట్లు దిగి, ఎదురింటి అరుగు ఎక్కాడు. అక్కడ వెలుతురు మేడ మీద కంటే బాగుంది.

"ఫోటో కాదురా, లొంగిపోయినం," అన్నాడు లుంగీలో బయటికొచ్చిన జకర్యా.

"పొద్దుగాల సుత గట్లనే అన్నరు," అన్నాడు సదాశివ. "జెర జరుగు. మా పక్కన నిలబడు."

జకర్యాను నిలబెట్టారు. పైన జీవరాజు లుంగీ, కింద విప్పడం మరిచిపోయిన జమేదార్ బూట్లు. జీవరాజు నల్లగుడ్డలో తల దూర్చాడు. పద్నాలుగు మంది, పద్నాలుగు తలలు. సూర్యుడు మిద్దెల వెనక్కి దిగేలోపు ఫోటో అయిపోయింది.

మూడేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదికి పరుగెత్తాడు. "తీసిన కాంతమణీ. గది నాది."

"యాడ తీసిండ్రు?"

"మన సందుల."

"మరి గదెందుకు?" అని ఆమె ఎనిమిదో చాప పరిచింది.

ఆ రోజు ఆ సందు రెండుసార్లు లొంగిపోయింది. రెండోసారి మాత్రం అందరూ తల దువ్వుకుని వచ్చారు.